చీమోను ఎవర్రా?

ఆ రోజుల్లో మా ఉద్దానంలో మనిషికి రెండుసార్లు పేరు పెట్టేవారు. మొదటిసారి ఇంట్లో, పాయసం వండుకుని. రెండోసారి బడిలో, పాయసం లేకుండా. ఇంట్లో పెట్టిన పేరు మార్చాలంటే మహా అయితే తాతకు కోపం వచ్చేది. బడిలో పెట్టిన పేరు మార్చాలంటే పలాస, టెక్కలి, శ్రీకాకుళం, ఆపైన హైదరాబాదు, ఇన్ని ఊళ్ళ కోపాలు చవిచూడాల్సి వచ్చేది. ఇప్పటి పిల్లల పేర్లు పుట్టిన వారానికే కంప్యూటర్లోకి ఎక్కిపోతున్నాయి, అక్షరం తేడా వస్తే తల్లిదండ్రులు యుద్ధానికి దిగుతున్నారు. వాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం కుళ్ళు కూడా. నా పేరుకు ఆ రోజుల్లో ఉన్న ఒకే ఒక్క ఆధారం మా అయ్య నోరు. ఆ నోటిని నమ్ముకునే నేను చీమోనునయ్యాను. (ఇంట్లో పెట్టిన పేరు సీమోను. ఈ రెంటికీ తేడా చదువుతున్న మీకు తెలుస్తుంది, మా ఊళ్ళో తెలియదు. నా గొడవంతా అదే.)

పలాస స్టేషన్లో దిగి సముద్రం వైపు బస్సెక్కితే, జీడితోటలు పలచబడి కొబ్బరితోటలు మొదలయ్యే చోట మా ఊరు వస్తుంది. మా నోటికి చకారం తిరగదు. చీమ మాకు సీమ, చేప సేప, చెప్పులు సెప్పులు. అలాగని చదువు రానివాళ్ళమేమీ కాదు. పుస్తకంలో చ అని రాస్తాం, పైకి స అని చదువుతాం, అర్థం మాత్రం సరిగ్గానే చేసుకుంటాం. ఇలా హాయిగా బతుకుతున్న ఊళ్ళో ఒక్కాయనకే ఈ విషయంలో మనశ్శాంతి లేదు. ఆయన మా ఎలిమెంటరీ బడి పెద్ద మాస్టారు. ఆయన ఉద్యోగంలో చేరిన కొత్తలో రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు ఒకాయన హాజరుపట్టీలో 'సంద్రయ్య', 'సిట్టెమ్మ' అన్న పేర్లు చూసి, పిల్లలందరి ఎదుటా పడీపడీ నవ్వాడట. ఆ నవ్వును మాస్టారు మరిచిపోలేదు. ఆనాటి నుంచి తల్లిదండ్రులెవరైనా వచ్చి స తో మొదలయ్యే పేరు చెబితే, ఆయన దాన్ని మనసులోనే చ గా దిద్దుకుని రిజిస్టరులో రాసేవారు. మా పిల్లలు పైచదువులకు వెళ్ళినప్పుడు నవ్వులపాలు కాకూడదని ఆయన తాపత్రయం. ఊళ్ళో అందరూ ఆయన్ని చకారం మాస్టారు అనేవారు. (మా నోట అది సకారం మాస్టారు అయ్యేది. ఆయన బాధ పెరగడానికి అదీ ఒక కారణం.)

సీత, సత్యం, సూర్యం వంటి తెలిసిన పేర్ల జోలికి ఆయన పోలేదు. తెలియని పేరు దొరికితేనే తంటా. మా చర్చి పిల్లల పేర్లు ఆయనకు ఒక్కటీ తెలియవు. అలా సొలొమోను చొలొమోను అయ్యాడు, సమూయేలు చమూయేలు అయ్యాడు. మా అక్క సారా ఒక్కతే బతికి బయటపడింది, ఎందుకంటే ఆ మాటతో మాస్టారికి సాయంత్రాల పూట బాగా పరిచయం. నన్ను బడిలో వేసిన రోజున మా అయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకుని "గుంటడి పేరు సీమోను బావూ" అన్నాడట. మాస్టారు కాసేపు ఆలోచించి, "అలాగా, చీమోను" అని ఒత్తి పలుకుతూ రాసుకున్నారట. "ఎప్పుడు పుట్టేడు?" అంటే "పనసపళ్ళ రోజులు బావూ" అన్నాడట మా అయ్య. జూన్ ఒకటి అని పడిపోయింది. మా తరగతిలో సగానికి సగం జూన్ ఒకటినే పుట్టాం. ఆ ఒక్క రోజున మా ఊరి మంత్రసాని ఎలా తట్టుకుందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఈ తప్పు తొమ్మిదేళ్ళ పాటు ఎవరి కంటా పడలేదంటే మీరు నమ్మరు. కానీ అందులో వింతేమీ లేదు. ఎలిమెంటరీ బడి ఇచ్చిన టీసీలో చీమోను అని ఉంది. దాన్ని చూసి హైస్కూలు వాళ్ళూ చీమోను అనే ఎక్కించారు. అయితే హాజరు పిలిచే మాస్టార్లందరూ మా వైపు వాళ్ళే. చీమోను అని ఉన్నదాన్ని కళ్ళతో చూసి, నోటితో సుబ్బరంగా "సీమోను" అని పిలిచేవారు. నేను "ప్రజెంట్ సార్" అనేవాణ్ణి. కాగితం మీది తప్పును మా ఊరి నోరు ప్రతి ఉదయం దిద్దుతూ వచ్చింది. పదో తరగతిలో గుంటూరు వైపు నుంచి కొత్త హెడ్మాస్టరు బదిలీ మీద రాకపోతే నేనూ, నా పేరూ ఇంకొన్నాళ్ళు సుఖంగా ఉండేవాళ్ళం.

ఆయన మొదటిరోజే హాజరుపట్టీ తీసుకుని మా తరగతికి వచ్చారు. తెల్లచొక్కా, చేతిలో ఎర్రకలం. ఒక్కో పేరూ అక్షరాలు విడివిడిగా వినపడేలా చదువుతున్నారు. "చీమోను!" అన్నారు. ఎవరూ పలకలేదు. "చీమోను ఎవర్రా?" అని గట్టిగా అడిగారు. ఇంత దిక్కుమాలిన పేరు ఎవరికి పెట్టారు చెప్మా అని నేను కూడా జాలిగా వెనక బెంచీల వైపు తిరిగి చూశాను. ఆయన ఎర్రకలంతో ఆబ్సెంటు వేసి, పట్టీ చివరి దాకా వెళ్ళి, తలెత్తి నన్ను చూశారు. "నిన్ను పిలిచినట్టు లేదే, నీ పేరేందిరా?" అన్నారు. "సీమోను సార్" అన్నాను. "మరి ఇందాక పిలిస్తే పలకవేంది?" అన్నారు. "మీరు పిలిసింది నన్ను కాదు సార్" అన్నాను, నిజాయితీగా. తరగతి గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది మొదటి బెంచీలో కూర్చునే మా క్లాసు లీడరు అమ్మాయి. చదువులో ఫస్టు, వెటకారంలో అంతకంటే ఫస్టు. మర్నాడు నేను వెళ్ళేసరికి నా బెంచీ మీద చిన్న బెల్లం ముక్క పెట్టి ఉంది. "తినవేటి సీమా, నీకోసమే అట్టుకొచ్చినాను" అంది. అప్పటి నుంచి పేరు చివర 'ఓను' ఊడిపోయి నేను బడంతటికీ సీమనైపోయాను, అంటే చీమనే.

నవ్వులపాలైతే అయ్యాను, అది వారంలో పాతబడిపోయేది. కానీ హెడ్మాస్టరు నన్ను గదిలోకి పిలిచి చెప్పిన మాట మాత్రం పాతబడేది కాదు. "చూడబ్బాయ్, టెన్తు సర్టిఫికెట్లో ఎట్టా పడితే చచ్చేదాకా అట్టానే. నామినల్ రోల్సు పైకి పోయేలోపు దిద్దించుకో. పోయినాక బ్రహ్మదేవుడు దిగొచ్చినా కుదరదు. మీ నాయన్ని తీసుకురా" అన్నారు. నామినల్ రోల్సు అంటే పరీక్ష రాసే పిల్లల వివరాలన్నీ రాసి పైకి పంపే జాబితా. పేరు, తండ్రి పేరు, కులం, పుట్టినరోజు, పుట్టుమచ్చలు, అన్నీ అందులో ఉండేవి. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు. మా చర్చిలో మా నాయనమ్మ ఏరికోరి, ఉపవాస ప్రార్థన చేసి పెట్టిన పేరు అది. ఆవిడ అప్పటికి లేదు. ఆవిడ నాకిచ్చిపోయింది ఆ మూడక్షరాలే.

మర్నాడు మా అయ్య జీడితోటలో పని మానుకుని వచ్చాడు. హెడ్మాస్టరు మర్యాదగానే కుర్చీ చూపించారు. మా అయ్య కూర్చోలేదు. "మీవాడి పేరు సీమోనా, చీమోనా?" అని అడిగారాయన. "అవును బావూ, సీమోనే" అన్నాడు మా అయ్య. "అది కాదయ్యా. మొదటి అక్షరం సా, చా?" అన్నారు. మా అయ్య రెండూ శ్రద్ధగా విన్నాడు. "ఆ, సా యే బావూ" అన్నాడు. హెడ్మాస్టరు, "ఏదీ, చెప్పు అను" అన్నారు. "ఏటి సెప్పమంతారు బావూ?" అన్నాడు మా అయ్య. "చేప అను." "సేప." "చింతచెట్టు." "సింతసెట్టు." ఆయన కలం మూత పెట్టేశారు. "చూశావా పెద్దాయనా, నువ్వు చ ని కూడా స అనే అంటావు. నువ్వు స అన్నావంటే అది స అయినా కావచ్చు, చ అయినా కావచ్చు. నీ సాక్ష్యం చెల్లదయ్యా" అన్నారు. మా అయ్య అందరి ఎదుటా ఏదో దొంగతనం చేసి దొరికినట్టు నిలబడిపోయాడు. బయటికొచ్చాక, "నాను సీమోను అనే కదరా సెప్పినాను, ఏటి తప్పు మాటాడీసినాను?" అని నన్నడిగాడు. కన్నతండ్రి కొడుకు పేరు చెబితే చెల్లకపోవడమేమిటో ఆయనకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, అందుకే ఎక్కువ ఏడుపొచ్చింది.

అక్కడి నుంచి ఇద్దరం చకారం మాస్టారి దగ్గరికి వెళ్ళాం. ఆయన అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు. విషయం విని ఏమాత్రం చలించలేదు. "నేను రాసింది తప్పెలా అవుతుంది? మనవాళ్ళు సీమ అంటే పుస్తకంలో చీమ. సేప అంటే చేప. మరి సీమోను అంటే ఏమవుతుంది? నువ్వే చెప్పు" అన్నారు. ఆ లెక్క ప్రకారం చూస్తే ఆయన అన్నదీ నిజమే. మా అయ్య తల గోక్కుని, "అవున్రా, మాస్టారు సెప్పింది నేయంగానే ఉంది" అనేశాడు. నాకున్న ఒక్క సాక్షీ అవతలి పక్షంలో కలిసిపోయాడు. బతిమాలగా బతిమాలగా మాస్టారు కాస్త మెత్తబడి, "నా చేతుల్లో ఏముంది చీమోనూ, టీసీ ఇచ్చేశాక నాకు దిద్దే అధికారం లేదు, హైస్కూలు వాళ్ళనే అడుగు" అన్నారు. హైస్కూలుకు వెళితే "టీసీలో ఉన్నట్టే మాకు" అన్నారు. (మా ఊళ్ళో నన్ను చకారంతో పిలవగలిగిన ఏకైక మనిషి ఆ మాస్టారే. నోరు నొప్పెట్టినా సరే, కష్టపడి మరీ పలికేవారు.)

చివరికి హెడ్మాస్టరే ఒక దారి చూపించారు. "మీ చర్చిలో పేర్లు రాసి పెట్టుకుంటారు కదా, అక్కడి నుంచి కాగితం తీసుకురా, దాన్ని జత చేసి పైకి రాస్తాను" అన్నారు. ఎగిరి గంతేసి పాస్టరు గారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన పుస్తకం తీసి, కళ్ళజోడు సవరించుకుని, "నీ పేరు నేదురా. ఇందులో బాప్తిస్మం అయినోల్ల పేర్లే ఉంతాయి. మనం పసిపిల్లలకి ఇవ్వం కదా, నీకింకా అవలేదు" అన్నారు. "ఇప్పుడు తీసుకుంటానండీ" అన్నాను. ఆయన నావైపు ప్రేమగా చూసి, "మారుమనస్సు కలిగిందేటి నాయనా?" అని అడిగారు. "కలిగిందండీ, నామినల్ రోల్సు వచ్చే వారమేనండీ" అన్నాను. ఆయన పెద్దమనసుతో రెండోమాట వినిపించుకోలేదు. ఆదివారం ఉదయం సముద్రపు పాయలో, నడుము లోతు నీళ్ళలో, నాకు బాప్తిస్మం ఇచ్చారు. లోకంలో పాపాల కోసం మునిగినవాళ్ళున్నారు, అక్షరం కోసం మునిగింది నేనొక్కణ్ణే అనుకుంటాను. నీళ్ళలోంచి లేచాక మాత్రం ఎందుకో నిజంగానే ఏడుపొచ్చింది, దేవుడు నన్ను సరైన పేరుతోనే పిలుస్తాడు కదా అనిపించి. ఆ సాయంత్రమే పాస్టరు గారు గుండ్రటి అక్షరాలతో 'సీమోను' అని రాసి, చర్చి ముద్ర వేసి ఇచ్చారు. కాగితం తీసుకుని హెడ్మాస్టరు, "భేష్. జాబితా వెళ్ళేటప్పుడు దాంతో పాటు పంపిస్తాలే" అని సొరుగులో పెట్టుకున్నారు. అంతా అయిపోయిందనుకున్నాను.

ఇక్కడ పుట్టుమచ్చల సంగతి చెప్పాలి. మనిషికి రెండేసి మచ్చలు చూపించాలన్నారు. లేనివాళ్ళు కలంతో పెట్టుకొచ్చారు. నాకు మోచేతి దగ్గర ఒకటుంది. రెండోది దొరకక దిక్కులు చూస్తుంటే, వేసవిలో జీడిపిక్కలు కాలుస్తున్నప్పుడు నూనె చింది చెంప మీద పడ్డ నల్లమచ్చను చూసి "అదుంది కదరా" అని క్లాసు మాస్టారు రాసేశారు. క్రిస్మస్ నాటికి అది మాసిపోయింది. మా లీడరు అమ్మాయికి కూడా పైకి కనపడేది ఒకటే మచ్చ. చిన్నప్పుడు మరిగే గంజి వీపు మీద ఒలికి, కాలిన మచ్చ ఒకటి ఉండేదట. అది ఎవరికీ తెలియనిచ్చేది కాదు. వేరే దారి లేక హిందీ టీచరమ్మ చెవిలో చెప్పి రాయించుకుంది. టీచరమ్మ ఒక్కరికే చెప్పాననుకుంది పాపం, ఆ పిల్ల.

హెడ్మాస్టరు చెడ్డవారు కాదు. నా పేరు గొడవ చూశాక, ఇలాంటి తప్పులు ఇంకెన్ని ఉన్నాయో అని ఆయనకు భయం పట్టుకుంది. తప్పులు పట్టడానికి పదిమంది కళ్ళు కావాలని, జాబితా మొత్తం పెద్ద కాగితం మీద రాయించి, బస్సులు ఆగే చోట కాఫీ హోటలు గోడకు అతికించేశారు. ఏ గడీ విడిచిపెట్టలేదు. పొద్దున్నే టీ తాగడానికి వచ్చిన వాళ్ళందరికీ మా పదో తరగతి పేపరైపోయింది. ఎవడు రెండోసారి చదువుతున్నాడో, ఎవరిది ఏ కులమో, ఎవరి వయసు వాళ్ళమ్మ చెప్పినదానికంటే ఎంత ఎక్కువో, పైకి చదివి మరీ ఆనందించారు. తప్పులు మాత్రం ఒక్కరూ చెప్పలేదు. అందులో ఒక పెద్దమనిషి వేలు పెట్టి వెతికి, "ఈపు మీద కాలిన మచ్చంట! ఎవులు సూసి రాసినారో!" అన్నాడు. బెంచీల మీదున్న వాళ్ళు పకపకా నవ్వారు. సరిగ్గా అప్పుడే ఆ అమ్మాయి పుస్తకాలు గుండెలకు హత్తుకుని అటుగా వస్తోంది. విన్నది. వెనక్కి తిరిగి ఇంటికి వెళ్ళిపోయింది. నేను బడికి చేరేసరికి మొదటి బెంచీ ఖాళీ. తర్వాతి రోజూ ఖాళీయే. నా బెంచీ మీద బెల్లం ముక్క లేదు. నన్ను ఏడిపించేవాళ్ళు లేకపోతే సుఖంగా ఉంటుందని అప్పటి దాకా అనుకునేవాణ్ణి. ఉండలేదు. ఆ పిల్ల ఇక బడికి రాదట, పలాసలో జీడిపప్పు ఒలిచే పనికి పంపించేస్తారట అని మా అక్క చెప్పింది.

హిందీ టీచరమ్మా, నేనూ కలిసి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాం. ఆ ఒక్క గడి అయినా కప్పేయండి సార్ అని టీచరమ్మ ఏడ్చినంత పనిచేసింది. "ప్రభుత్వం గీసిన గడి కొట్టెయ్యడానికి మనమెవరమమ్మా? ఇంకొక్క రోజే కదా, అభ్యంతరాల గడువు కాగానే తీసేస్తాం" అన్నారాయన. ఒక్కరోజంటే ఆయనకు ఒక్కరోజే. ఆ పిల్ల ఇంటి ముందు నుంచి వెళ్ళే ప్రతివాడికీ ఆ ఒక్కరోజు చాలు. నేను తిన్నగా కాఫీ హోటలుకు వెళ్ళాను. నాకున్న పథకం చాలా సున్నితమైనది. మచ్చల గడి ఒక్కటే, పైనుంచి కిందికి, రిబ్బను తీసినట్టు చింపేసి వచ్చేద్దామని. కానీ మా అటెండరు మైదా జిగురు దట్టంగా పట్టించాడు. గోరుతో అంచు లేపి లాగితే మచ్చలతో పాటు పుట్టినరోజులు వచ్చాయి, పుట్టినరోజులతో కులాలు, కులాలతో తండ్రులు, ఆఖరికి గోడ సున్నం కూడా వచ్చేసింది. "ఏటి సేత్తన్నావురా!" అని హోటలాయన అరిచాడు. అప్పుడే టీ తాగడానికి అటు వస్తున్న హెడ్మాస్టరు నన్ను చూశారు. నా చేతిలో మచ్చల పేలిక వేలాడుతోంది. పారేస్తే ఎవరైనా ఏరుకుని చదువుతారు. ఇంకేమీ తోచక నోట్లో కుక్కుకుని నమిలేశాను. జిగురు ఎండిపోయినా రుచి మాత్రం పోలేదు. ఊరంతా ఆ మధ్యాహ్నానికి ఒకటే మాట, "సీమ మచ్చలు తినీసిందంట!"

హెడ్మాస్టరు నన్ను కొట్టలేదు. కొడితే బాగుండేది. సొరుగు తీసి, పాస్టరు గారి కాగితం నా చేతిలో పెట్టారు. "నీ అభ్యంతరం నేను తీసుకోలేనురా. జాబితా గోడ మీద ఉన్నప్పుడే అభ్యంతరం చెప్పాలి. ఇప్పుడు గోడ మీద జాబితా లేదు. చించిందెవరు?" అన్నారు. చించింది నేనే కాబట్టి నోరెత్తలేదు. (నోట్లో ఇంకా కొంచెం కాగితం ఉంది కూడా.) మర్నాడు సాయంత్రం బస్సుకు నామినల్ రోల్సు కట్ట వెళ్ళిపోయింది. అందులో చీమోను వెళ్ళిపోయాడు. నాయనమ్మ పెట్టిన పేరు నా చేతిలో, చర్చి ముద్రతో, దేనికీ పనికిరాకుండా మిగిలిపోయింది. కొబ్బరితోటలో కూర్చుని, బస్సు చప్పుడు వినపడేంత వరకూ విని, ఆ తర్వాత ఏడ్చాను. వారం తిరక్కుండానే ఆ అమ్మాయి బడికొచ్చింది. నా బెంచీ దగ్గర ఆగి, ఒక బెల్లం ముక్క పెట్టి వెళ్ళిపోయింది. ఈసారిది పెద్దది. "తినవేటి సీమా" అని కూడా అనలేదు.

ఆ తర్వాత నా బతుకంతా ఆ కాగితానికి తగ్గట్టు నన్ను నేను దిద్దుకోవడంతోనే సరిపోయింది. మార్కుల మెమోలో చీమోను. ఇంటర్లో, డిగ్రీలో, రేషన్ కార్డులో, ఓటరు కార్డులో, ఎక్కడికి వెళ్ళినా టెన్తులో ఎలా ఉందో అలాగే అన్నారు. విశాఖపట్నంలో ఒక కంపెనీలో గుమాస్తా పనికి వెళితే, అక్కడి ఆఫీసరు నా పేరు స్పష్టంగా, ఒక్క అక్షరమూ జారకుండా చదివి, "చీమోనా? ఏ దేశం పేరండీ ఇది?" అని అడిగాడు. తర్వాత కాగితంలోకీ, నా మొహంలోకీ మార్చి మార్చి చూసి, "కుడిచెంప మీద మచ్చ ఉండాలే, ఏదీ?" అన్నాడు. జీడినూనె కథంతా చెప్పాను. ఓపిగ్గా విని, "రికార్డులో ఉంది, మొహం మీద లేదు. సరిచేసుకుని రండి" అన్నాడు. రికార్డును కాదు, మొహాన్ని. బాత్రూమ్‌లోకి వెళ్ళి, అద్దం ముందు నిలబడి, బాల్‌పెన్నుతో చెంప మీద మచ్చ పెట్టుకుని వచ్చాను. "ఆ, ఇప్పుడు సరిపోయింది" అని సంతకం పెట్టాడు. పేరు నాది కాదు, పుట్టినరోజు నాది కాదు, మచ్చ నాది కాదు. ఉద్యోగం మాత్రం నాకే ఇచ్చారు, చెయ్యక తప్పదు కాబట్టి.

కొన్నేళ్ళు గడిచాక, ఎవరో పేర్లు మార్చుకోవచ్చట అంటే, ఆశ చావక మా పలాస పక్కనే ఉన్న కాశీబుగ్గలో ఒక ఆఫీసుకు వెళ్ళాను. అప్పటికి అక్కడ కంప్యూటర్లు వచ్చేశాయి. నోటరీ కాగితాలు, ఫోటోలు, పాస్టరు గారి పాత కాగితం (మడతల దగ్గర చిరిగిపోయి, టేపు వేసి ఉంది), అన్నీ సంచీలో పెట్టుకుని, కిటికీ దగ్గర రేషన్ కార్డు చూపించి పేరు రాయించుకుని, పొద్దుటి నుంచి బెంచీ మీద కూర్చున్నాను. ఈ గది వాళ్ళు ఆ గదికి పంపారు, ఆ గది వాళ్ళు భోజనానికి వెళ్ళారు. ఎండ వాకిట్లోంచి గోడెక్కింది. ఇది నా తలరాత, తలరాతలో కూడా చకారమే ఉండి ఉంటుంది అనుకుని లేవబోతుండగా, కంప్యూటరు ముందున్న అమ్మాయి తెర మీద చూసి పిలిచింది, "సీమోను గారెవరండీ?"

నాకు తెలియకుండానే చెయ్యి లేచింది. దగ్గరికి వెళ్ళి దరఖాస్తు ఇచ్చాను. ఆ అమ్మాయి తెర మీదున్నదాన్నీ, నా కాగితంలో ఉన్నదాన్నీ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివింది. "పాత పేరు సీమోను. కొత్త పేరు సీమోను." ఆగింది. మళ్ళీ చదివింది. అదే వచ్చింది. "ఏటండీ ఇది, రెండూ ఒకటే కదా! మార్సడానికి ఇందులో తప్పేటుంది?" అని నావైపు అయోమయంగా చూసింది.

చూపుడువేలుతో తెర మీది మొదటి అక్షరం చూపించబోయాను. ఎందుకో చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది. విశాఖపట్నంలో నా పేరు ఉన్నది ఉన్నట్టు, ఒక్క తప్పూ లేకుండా చదివేవాళ్ళు ఎంతోమంది ఉన్నారు. వాళ్ళెవరూ నన్ను పిలవలేదు. ఇక్కడ ఈ పిల్ల తప్పుగా చదివి, మా నాయనమ్మ పెట్టిన పేరుతో నన్ను పిలిచింది. హెడ్మాస్టరు గదిలో చెల్లకుండా పోయిన మా అయ్య సాక్ష్యం, పోయిందనుకున్న ఇన్నేళ్ళకు, కాశీబుగ్గలో చెల్లింది. కాగితాలన్నీ తిరిగి సంచీలో పెట్టుకున్నాను.

"మరేటండీ, దరకాస్తు వద్దా?" అంది.

"వద్దమ్మా. ఆ పేరు ఇంకొక్కసారి చదువు" అన్నాను.

ఆ పిల్ల నన్నో వింతమనిషిని చూసినట్టు చూసి, అయినా పెద్దవాణ్ణన్న మర్యాదతో, తెర వైపు తిరిగి గట్టిగా చదివింది. "సీమోను!"

"ప్రజెంట్" అన్నాను.